మోకాలి మాత్ర

మా నాయనకు గుండెపోటు వచ్చిన పొద్దున నేను ఎలుకపిల్లల గుండె కణాల చుట్టూ గీతలు గీస్తూ కూర్చున్నాను. అదే నా ఉద్యోగం. కోయంబత్తూరు శివార్లలో ఒక కళాశాల ల్యాబులో చాలా ఏళ్ళుగా అసిస్టెంటుని. గాజు పళ్ళేలలో పెంచిన కణాలకు రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి, కంప్యూటరు తెర మీద ఒక్కో కణం అంచు వెంబడి మౌసుతో గీత గీస్తే, ఆ కణం ఎంత పెద్దదయిందో తెలుస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే గీతలు. కళ్ళు పీకుతాయి, మెడ పట్టేస్తుంది. ఇంత మొద్దు పని లోకంలో ఇంకొకటి ఉండదని విసుక్కోని రోజు లేదు.

గుండెపోటులో కొంత కండరం చచ్చిపోతే, మిగిలిన కండరం మెల్లగా ఉబ్బుతుంది. మొదట్లో ఆ ఉబ్బు అవసరమే, చచ్చినదాని పని కూడా అదే చెయ్యాలి కదా. కానీ అది అక్కడితో ఆగదు. ఆగకపోతే గుండె సాగి, వదులై, చివరికి మనిషిని తీసుకుపోతుంది. పెరగమని దానికి ఎవరు చెబుతున్నారు, చాలు ఆగమని ఎవరు చెప్పాలి, మా ల్యాబులో చూసేది అది. అలా చెప్పేవాటిలో కొన్ని కొవ్వు నుంచి పుట్టిన అణువులు. మహా నాజూకు సరుకు. గాజు సిరంజితోనే తీయాలి, ప్లాస్టిక్కుకు అంటుకుపోతాయి. గాలి తగిలితే పాడవుతాయి. సీసా మూత తీసినప్పుడల్లా లోపలికి నైట్రోజను ఊది గబగబా మూసేయాలి. ఆ పని నేను కళ్ళు మూసుకుని చేసేస్తాను.

అమ్మ ఫోను చేసింది.

"అమ్మిణి, నాయనకు నెంజు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉండాదంట. చెమట ధారగా కారతా ఉండాది. గ్యాసు గ్యాసంటా సోడా తాగి పండుకున్నాడు. నాకు భయంగా ఉండాది, నీవు సీక్రం వచ్చేయి."

"ఎంతసేపటి నుంచి?"

"పొద్దున ఇడ్లీ తినేటప్పటి నుంచి."

అప్పటికి పదకొండు దాటింది. నేను ఏమని అరిచానో గుర్తు లేదు. గుండె పేరు చెప్పుకుని జీతం తీసుకునే మనిషిని, గుండెపోటు ఎలా మొదలవుతుందో ఇంట్లో వాళ్ళకు ఒక్కసారి చెప్పిన పాపాన పోలేదు.

ఆస్పత్రిలో మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టెంటు పెట్టారు. నాయన బతికాడు. కానీ ఆలస్యం అయిందనీ, గుండె ముందు గోడలో పెద్ద ముక్క చచ్చిపోయిందనీ చెప్పారు. ఇంటికి పంపే రోజు కుర్ర డాక్టరొకాయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మాత్రల చీటీ మీద ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెడుతూ తమిళంలో ఓపికగా వివరించాడు. ఇది రక్తం గడ్డకట్టకుండా, ఇది బీపీకి, ఇది నీరు పోవడానికి, ఇది గుండె ఉబ్బకుండా. అంతా అయ్యాక అడిగాడు, ఇవి కాక ఇంట్లో ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని.

నాయన లేదన్నాడు. అమ్మ లేదంది. నేనైతే చదువుకున్నదాన్ని కదా, మరీ గట్టిగా, "అలాంటివేమీ లేవు డాక్టర్" అన్నాను.

ముగ్గురం అబద్ధం చెప్పాం. అది అబద్ధమని ముగ్గురికీ తెలియదు.

నాయనది పంపు విడిభాగాల లేతు పట్టరై. మా వైపు వర్క్‌షాపును పట్టరై అంటాం. ముప్పై ఏళ్ళకు పైగా సిమెంటు నేల మీద లేతు మిషను ముందు నిలబడి పని చేశాడు. ఆ వీధిలో అందరూ అంతే, నలభై దాటేసరికి అందరికీ మోకాళ్ళు పోతాయి. పది గంటలకు టీ వస్తుంది, టీతో పాటు నొప్పి మాత్ర వస్తుంది. మూలన టీ అంగడిలో బన్నుల సీసా పక్కనే మాత్రల షీట్లు వేలాడుతుంటాయి. కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి ఇస్తారు. అది వేసుకుంటేనే మధ్యాహ్నం దాకా నిలబడగలరు. దాన్ని ఆ వీధిలో ఎవరూ మందు అనరు. లేతుకు నూనె వేసినట్టు మనిషికి ఆ మాత్ర. మందంటే జబ్బు పడినవాడు వేసుకునేది, ఇది పనికి పోయేవాడు వేసుకునేది. పట్టరై అమ్మేసి ఐదేళ్ళయినా నాయన దాన్ని వదల్లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మా ఇంట్లో దాని పేరు మోకాలి మాత్ర. కాఫీపొడి అయిపోయిందని చెప్పినట్టే అమ్మ అదీ అయిపోయిందని చెప్పేది. గాంధీపురంలో బస్సు మారేటప్పుడు నేనే కొని తెచ్చేదాన్ని.

అందుకని డాక్టరు మందుల సంగతి అడిగితే అది మాలో ఎవరికీ తట్టలేదు. దాచలేదు. తట్టలేదు, అంతే.

అమ్మ తన పాత అంజరపెట్టెను, అదే ఆంధ్రాలో పోపుల డబ్బా అంటారే దాన్ని, కడిగి ఆరబెట్టి మాత్రలకు కేటాయించింది. ఆవాలుండే గిన్నెలో బీపీ మాత్ర, మెంతుల గిన్నెలో నీటి మాత్ర, ఇలా. షీట్లలోంచి అన్నీ విప్పేసి పోసుకుంది. మధ్య గిన్నెలో ఎప్పటిలాగే మోకాలి మాత్ర. వేళకు ఒక్కొక్కటీ ఏరి, అరచేతిలో పెట్టుకుని తీసుకెళ్ళి, ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడేది. పదో తరగతి కూడా గట్టెక్కని మనిషి, ఒక్క వేళ తప్పలేదు, ఒక్క మాత్ర తారుమారు కాలేదు. నాకు ముచ్చటేసేది. నేను ల్యాబులో సీసాల మీద చీటీలు అంటించి కూడా తారుమారు చేస్తాను.

నాయన రోజంతా సిట్‌అవుట్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. మిక్సీ విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు. ఒక ఆదివారం నన్ను పిలిచాడు.

"అమ్మిణి, నీవు ఆ ల్యాబులో ఏం చేస్తావే? ఇన్నేండ్లైంది, అడిగినోళ్ళకు ఎలుకల్ని కోస్తాదని చెప్తా ఉండా. సరిగ్గా చెప్పు, నాకూ పొద్దు పోవల్ల."

చెప్పాను. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో అయిందని, గుండెకు రక్తం ఆగిపోగానే ఆ పొరలోంచి కొవ్వు ముక్కలు తెగి పడతాయని, వాటిని కొన్ని ఎంజైములు పట్టుకుని సంకేతాలుగా మారుస్తాయని. ఒకటి నాళాన్ని వదులు చేయమంటుంది, ఒకటి బిగించమంటుంది. ఒకటి మంటను పిలుస్తుంది, ఇంకొకటి మంట చాలు, ఇక మాన్పండి అంటుంది. కొన్ని కండరాన్ని పెరగమంటాయి, కొన్ని వద్దంటాయి. అన్నీ ఒకే కొవ్వులోంచి పుట్టినవే.

"నూనె లోంచి ఇన్ని ఉత్తరువులా!" అన్నాడు. కాసేపు ఆలోచించి, "సగం మంది కూలీలు రాకుండా పోతే మిగిలినోళ్ళు రెండు షిఫ్టులు చేస్తారు. అట్లనా?" అన్నాడు.

"అట్లనే నాయనా. చేసి చేసి వాళ్ళూ పడిపోతారు."

"ఆపేదానికి మందు ఉండాదా?"

"చూస్తా ఉండాం."

"శానా మెల్లగా చూస్తా ఉండారు మీరు" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని రుద్దుకుంటున్నాడు, అది నేను చూశాను. చూసి కూడా ఆలోచించలేదు.

మూడు నెలలకు ఎకో తీయించాం. గుండె గదుల కొలతలు చూసే స్కాను. రిపోర్టు నేను చదివి దాచేద్దామనుకున్నాను గానీ ఆయన చేయి చాచాడు. పంపు భాగాలను వెర్నియరుతో కొలిచి బతికిన మనిషి, మిల్లీమీటరు కనిపిస్తే చాలు. ఆస్పత్రిలో తీసిన మొదటి రిపోర్టు లోపలి నుంచి తెచ్చుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎడమ గది మూడు మిల్లీమీటర్లు పెరిగి ఉంది.

"మూడు మిల్లీ అమ్మిణి."

"మనిషి ఒంట్లో అది పెద్ద లెక్క కాదు నాయనా. కొలిచేవాళ్ళ చేతిలో కూడా తేడా ఉంటాది."

"నాకు చెప్తావా కొలతల సంగతి? పంపు హౌసింగులో రంధ్రం మూడు మిల్లీ పెద్దదయిందంటే ఆ ముక్క స్క్రాపే. మళ్ళీ లేతు మీద ఏసినా ప్రయోజనం లేదు." కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు. "అమ్మకు బాగుండాదని చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో తెలియక అమ్మ మీద పడ్డాను. ఉప్పు వల్లేనన్నాను. రసంలో ఉప్పు, పచ్చడిలో ఉప్పు, సాయంత్రం మురుకులో ఉప్పు. నీరు పోవడానికి మాత్ర ఇస్తూ ఇంకో చేత్తో నీరు పట్టే కూడు పెడుతున్నావని నోటికొచ్చినట్టు అన్నాను.

"ఉప్పు లేని కూడు బతికుండే మనిషికి పెడతారా ఎవరైనా? అది చచ్చినోళ్ళకు పెట్టేదే!" అని అమ్మ కూడా అరిచింది. అరిచి, వంటింట్లోకి పోయి ఏడ్చింది. మర్నాటి నుంచి ఆయనకు వేరే గిన్నెలో ఉప్పు లేకుండా వండింది. ఆయనకు తోడుగా తనూ అదే తిన్నది. ఆ చప్పిడి కూడు మింగలేక ఆమె మంచినీళ్ళు తాగడం చూసి కూడా నేను మెత్తబడలేదు. నా మాటే చెల్లిందని లోపల సంతోషపడ్డాను, ఛీ.

ఉప్పు మానేసినా కాళ్ళ వాపు తగ్గలేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడక మూడు దిండ్లు వేసుకుని కూర్చునే కునుకు తీసేవాడు. నీటి మాత్ర పెంచారు. రక్త పరీక్షలో కిడ్నీలు కూడా బాగాలేవని వచ్చింది. డాక్టరు కాగితం చూస్తూ, ఇంత త్వరగా ఎందుకు దిగజారుతోందో అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. మళ్ళీ ఏమీ అడగలేదు. అడిగినా మేము లేదనే చెప్పి ఉండేవాళ్ళం.

ఆ వారమంతా సాయంత్రాలు వాన. గాంధీపురంలో బస్సు దిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మందుల అంగడి చూరు కిందికి పరుగెత్తాను. అంగడాయన నన్ను చూడగానే "అదే దానే అక్కా?" అని, ఎప్పటిదే కదా అన్నట్టు, షీటు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఎప్పటి ఎర్ర షీటు కాదు, నీలం.

"కంపెనీ మారిందక్కా. లోపల మందు ఒకటే."

ఒకటేనా అని తిప్పి చూశాను. అన్ని ఏళ్ళలో ఆ షీటు వెనక్కి తిప్పి చూడటం అదే మొదటిసారి. చీమల్లాంటి అక్షరాలలో డైక్లోఫెనాక్ అని ఉంది.

అంతకు ముందు వారమే ఆ పేరున్న గోధుమరంగు సీసాలోంచి తెల్లటి పొడి నేనే తూచాను. మా పళ్ళేలలో కొన్నింటికి అది వేస్తాం. కొవ్వు ముక్కల నుంచి సంకేతాలు తయారు చేసే ఎంజైము ఉందే, దాని నోరు మూయడానికి. నొప్పిని పిలిచేవీ ఆ సంకేతాలే, అందుకే నొప్పి పోతుంది. కానీ మంచి సంకేతాలూ చెడ్డ సంకేతాలూ అన్నీ కలిపి ఆగిపోతాయి. గాయం మాన్పమనే మాట ఆగిపోతుంది. కిడ్నీకి రక్తం సరిగ్గా పంపమనే మాట ఆగిపోతుంది. అప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, ఆ బరువంతా చచ్చీచెడీ మిగిలిన గుండె మీద పడుతుంది, అది ఇంకా సాగుతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఈ జాతి మాత్రలు ఇవ్వకూడదని నాకు తెలుసు. ఆ విషయం మీద మా ల్యాబులో కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకున్నాం కూడా. పళ్ళెంలో కణానికి కిడ్నీలుండవు, అందుకని మన పరీక్ష సగమే నిజం అని నేనే తెలివిగా ఒక మాట అన్నాను. అన్నీ తెలుసు. మా ఇంటి అంజరపెట్టె మధ్య గిన్నెలో ఉన్నది అదేనని మాత్రం తెలియదు.

చూరు కింద అలాగే నిలబడిపోయాను. అంగడాయన ఏమైందక్కా అని రెండుసార్లు అడిగాడు. ఎన్ని షీట్లు మోశాను నేను ఈ చేతులతో! అమ్మ మీద ఉప్పు ఉప్పని పడ్డానే, ఆ నోరు ఏ గంగలో కడుక్కోను? షీటు కౌంటరు మీదే వదిలేసి తడుస్తూ బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎదురింట్లో ఉంది. నాయన సిట్‌అవుట్‌లో ఉన్నాడు. నేను నేరుగా వంటింట్లోకి పోయి, మధ్య గిన్నెలో ఉన్నవన్నీ తీసి టాయిలెట్లో పారేసి నీళ్ళు పోశాను. వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు.

"నీకు తెలీదు కదా" అన్నాడు.

"తెలుసు నాయనా. తెలిసే తెచ్చినట్టు లెక్క. తిప్పి చూడలేదు, అంతే."

"నేనూ తిప్పి చూడలే. ముప్పై ఏండ్లు మింగినా." వీధిలోకి చూశాడు. అమ్మ గేటు తీసుకుని వస్తోంది. ఆయన గబుక్కున నా భుజం పట్టుకున్నాడు. "దానికి చెప్పొద్దు. అది దాని చేత్తో ఇచ్చింది. తెలిస్తే ఇంగ అది అన్నం తినదు. ఒట్టు."

ఒట్టు వేశాను. డాక్టరు ఆ మాత్ర ఆపమన్నాడని, గుండె మాత్రలతో కలిస్తే కడుపులో పుండు పడుతుందని అమ్మకు చెప్పాను. కడుపులో పుండంటే ఆమె పెద్దగా లెక్క చేయలేదు, సరేనంది.

మర్నాడు డాక్టరుకు నిజం చెప్పాను. ఆ మాత్ర వల్లే ఇంత అయిందని చెప్పలేం, మొదటి దెబ్బే పెద్దది, అది లేకపోయినా గుండె ఉబ్బేదేమో అన్నాడు. "కానీ ఇక ఒక్కటి కూడా పడకూడదు. పడకపోతే కొంతైనా నిలబెట్టవచ్చు" అన్నాడు. నేను ఆ 'కొంతైనా' పట్టుకుని వేలాడాను. మాకు మిగిలింది అదే.

మాత్ర ఆపిన మూడో రోజు నుంచి నాయన మోకాళ్ళు తమ అసలు రంగు చూపించాయి. ఇన్నేళ్ళూ మాత్ర కింద దాగిన నొప్పంతా ఒక్కసారి లేచింది. కుర్చీలోంచి లేవలేడు. బాత్రూముకు పోవడానికి నేనొక పక్క, అమ్మ ఒక పక్క. అడుగు వేసినప్పుడల్లా "అమ్మా" అనేవాడు, మా అమ్మను కాదు, ఎప్పుడో పోయిన తన అమ్మను. డాక్టరు రాసిన మామూలు మాత్ర, పూత మందు ఏ మూలకూ చాలలేదు. నేను వేడినీళ్ళ కాపడం పెట్టేదాన్ని, నూనె రాసేదాన్ని. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసేది.

"ఏందే నీకు ఇంత రాతి మనసు? ఒక్క మాత్ర ఇస్తే పోయేదానికి మనిషిని ఇట్ల చిత్తిరవద చేస్తా ఉండావే! కడుపులో పుండొస్తే రానీ, దానికీ మందుంటాది కదా?"

"వద్దమ్మా."

"ఏం చదువే నీది. పెద్ద గుండె చదువు!"

నేను నాయన వైపు చూసేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపేవాడు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో. ఒట్టు వేశాను కదా. పైగా నాకూ భయమే. ఇచ్చిన చేయి ఆమెదైతే, తెచ్చిన చేయి నాది. ఆమెను కాపాడుతున్నానని చెప్పుకుంటూ నన్ను నేను కూడా కాపాడుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

రెండు వారాలు నరకం చూశాక, మెల్లగా నొప్పి తగ్గింది. మొదట కుర్చీలోంచి తనంతట తను లేచాడు. తర్వాత గేటు దాకా నడిచాడు. అమ్మ ముఖంలో కాస్త కళ వచ్చింది. చూశారా నా నూనె మహిమ, అని నేను గొప్పలు పోయాను. ల్యాబులో అందరికీ చెప్పాను, మా నాయన మాత్ర లేకుండా నడుస్తున్నాడని. ఎకోలో ఎడమ గది ఆ నెల పెరగలేదు. నేను ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగాను.

తర్వాతి నెల పెరిగింది. కాళ్ళ వాపు మోకాళ్ళ దాకా పాకింది, కడుపు ఉబ్బింది. రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టి నీరు తీశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మాత్ర నిజంగానే ఆపారు కదా అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. నా చేత్తో పారబోశానన్నాను. అయితే గుండె ఇక చాలించుకుంటోందన్నాడు. నేను నమ్మాను. అప్పటికి ఆలస్యమైపోయింది, పోయిన కొలత మళ్ళీ రాదు అనుకున్నాను. ఒక మంగళవారం పొద్దున అమ్మ కాఫీ గ్లాసు తీసుకుని వెళ్ళేసరికి నాయన దిండ్లకు ఆనుకుని అలాగే పోయి ఉన్నాడు.

నాలుగో రోజు మదురై నుంచి మేనత్త వచ్చింది, నాయనకు అక్క. ముందే రాలేకపోయింది, ఆమెకూ కాళ్ళు లేవవు. అమ్మ పక్కన చాప మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత అడిగింది, "కడపట్లో శానా కష్టపడినాడా?"

"లేదు వదినా" అంది అమ్మ. నాలుగు రోజుల్లో ఆమె గొంతు అంత నిబ్బరంగా వినడం అదే మొదలు. "మధ్యలో మోకాలి నొప్పికి మాత్రం శానా అల్లాడినాడు. డాక్టరు ఆపమన్నాడని అమ్మిణి మాత్ర ఇయ్యలే. నా కండ్లతో చూడలేకపోయినా. ఇది ల్యాబుకు పోయినాక బస్సెక్కి మన పాత పట్టరై కాడికి పోయినా. ఆ టీ అంగట్లో కొని తెచ్చినా. రోజూ రెండు ఇచ్చినా, ఇది చూడకుండా. అప్పురం, మాత్రలు పడినాక, నడిచినాడు వదినా! గేటు దాకా నడిచినాడు. పోయేటప్పుడు మోకాలి నొప్పి లేకుండా పోయినాడు."

నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను.

"తమ్ముడు ఒద్దనలేదా?" అంది అత్త.

"మొదటి దినం చేతిలో పెడితే, మాత్రను చూసినాడు, నా ముఖం చూసినాడు. శానా సేపు చూసినాడు. 'నీవే పోయి తెచ్చినావా, ఇంత ఎండలో?' అన్నాడు. అవునంటి. ఇంగేమీ అనలే. నోట్లో ఏసుకుని నీళ్ళు తాగినాడు. 'దానికి చెప్పొద్దు, అరుస్తాది' అన్నాడు."

"పుణ్యాత్మురాలివి" అని అత్త అమ్మ తల నిమిరింది.

ఆయనకు తెలుసు. అది ఏమిటో, ఏం చేస్తుందో సిట్‌అవుట్‌లో కూర్చుని నా నోటితోనే విన్నాడు. నొప్పి ఓర్చుకోలేక మింగాడా, ఎండలో బస్సెక్కి పోయి వచ్చిన మనిషికి వద్దని ఎలా చెప్పాలో తెలియక మింగాడా, నాకు తెలియదు. నేను ఆ రోజే అమ్మకు నిజం చెప్పి ఉంటే ఆమె ఆ బస్సు ఎక్కేది కాదు. అది మాత్రం తెలుసు.

అమ్మ నా వైపు తిరిగింది. "కోపం చేసుకోవద్దు అమ్మిణి. నీ మాట దాటినా. తప్పా?"

"మంచి పని చేసినావమ్మా" అన్నాను.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. ఆ సాయంత్రం నాలుగు రోజుల తర్వాత అన్నం తిన్నది.

ఇది జరిగి రెండేళ్ళయింది. లోపల పెట్టుకుని ఉండలేకపోయాను. తమిళంలో రాస్తే అమ్మ చదువుతుంది, కళ్ళజోడు పెట్టుకుని ఇంట్లో ప్రతి కాగితం చదువుతుంది. తెలుగు ఆమెకు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. మా ఇళ్ళలో ఎవరికీ రావు. నేను ఈ వయసులో కూర్చుని నేర్చుకున్నాను.